పడిన రోజు

ఊరికే కూర్చోవడం నాగేంద్రమ్మకు చేతకాని పని. మామిడి కోతల కాలంలో రోజుకు ఎన్ని వేల కాయ ఆమె చేతుల మీదుగా వెళ్ళేదో ఆమెకే తెలియదు. ఒక్కో కాయను అరచేతిలో తిప్పి, ముచ్చిక చూసి, బరువు చూసి, ఈ గంపలోకా ఆ గంపలోకా అని తేల్చడానికి రెప్పపాటు చాలు. అలాంటి చేతులకు ఇప్పుడు పని లేదు. బెజవాడలో తలకు దెబ్బలు తగిలినవాళ్ళను చూసే ఆసుపత్రిలో, ఐసీయూ గుమ్మం లోపల ఇనప స్టూలు మీద కూర్చుని, సిస్టరు పక్కన పెట్టిన దూది ఉండలను పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు ఏరుతోంది. ఎవరూ ఏరమనలేదు.

"అన్నీ దూదే కదమ్మా. అందులో రకాలేంటి?" అంది సిస్టరు ఆరోగ్యం.

"ఏదైనా సరే, ఒకటే రకం ఉండదండీ," అంది నాగేంద్రమ్మ తలెత్తకుండా.

ఆరోగ్యానిది బాపులపాడు. నూజివీడు వైపు మాట చెవిన పడేసరికి మెత్తబడింది. ఐసీయూలోకి పేషెంటు తాలూకు మనుషులు రాకూడదని గోడ మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది. కానీ ఆయాలు ఇద్దరు పెళ్ళిళ్ళకని వెళ్ళిపోయారు. మగమనిషిని పక్కకు తిప్పాలంటే ఒక్క సిస్టరు వల్ల అవుతుందా? నాగేంద్రమ్మ ఒక చేత్తో భుజం, ఒక చేత్తో తుంటి పట్టి ఇట్టే తిప్పేస్తుంది. ఆ ఎర్రక్షరాలు ఆమె విషయంలో పనిచేయడం మానేశాయి.

మూడో మంచం మీద ఆమె మొగుడు పోతురాజు. రెడ్డిగూడెం తోటలో పెద్దరసం చెట్టు మీంచి పడ్డాడు. ఎముక విరగలేదు. మెదడు మీద రక్తం పరుచుకుందనీ, కోసి చేసేదేమీ లేదనీ, కనిపెట్టుకుని ఉండాలనీ డాక్టర్ లక్ష్మీనరసింహారావు నిన్న శుక్రవారం మధ్యాహ్నం, తీసుకొచ్చిన రోజునే చెప్పాడు.

ఇవాళ శనివారం పొద్దున పోతురాజు కళ్ళు తెరిచాడు. ఆరోగ్యం మంచానికి వేలాడే అట్ట తీసి, రోజుకు నాలుగుసార్లు అడగాల్సిన ప్రశ్నలు అడిగింది.

"నీ పేరేంటి?"

"పోతురాజండి."

"ఏ ఊరు?"

"రెడ్డిగూడెం."

"ఎప్పుడు పడ్డావు?"

పోతురాజు పెదాలు తడుపుకున్నాడు. "మంగళారం."

ఆరోగ్యం నాగేంద్రమ్మ వైపు చూసింది. నాగేంద్రమ్మ చేతిలో దూది ఉండ నలిగిపోయింది.

"శుక్రారం అండి. నిన్న పొద్దున. మతి లేక అంటున్నాడు."

ఆరోగ్యం అట్ట మీద ఏదో రాసింది. "పేరు, ఊరు చెప్తున్నాడు. రోజు చెప్పలేకపోతున్నాడు. పర్లేదులే, తలకి దెబ్బ తగిలితే రోజులు కలగాపులగం అవుతాయి," అని ఓదార్చింది కూడా.

పడింది మంగళవారమే. మతి లేనివాడని రాయించుకున్నవాడు ఉన్నమాట చెప్పాడు. మతి ఉన్న మనిషి అబద్ధం చెప్పింది.

ఆ అబద్ధం ఆమె సొంతం కాదు, నిజమే. నిన్న పొద్దున పోతురాజు గంపల దగ్గర వాంతి చేసుకుని ఒరిగిపోతే, తోట గుత్తకు తీసుకున్న నూజివీడు వ్యాపారి ప్రభాకరరావు తన కారులోనే ఎక్కించాడు. దారిలో ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "పడింది ఇవాళ పొద్దున అని చెప్పు నాగేంద్రం. మూడు రోజులు ఊరుకున్నామంటే ఏ డాక్టరూ చెయ్యి వెయ్యడు. పోలీసు రిపోర్టంటారు, ఇంకోటంటారు. ఇవాళే అన్నావనుకో, పరుగున వచ్చి చూస్తారు. ఆసుపత్రి సంగతి నేను చూసుకుంటాగా," అన్నాడు. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని ఉన్న మనిషికి ఆ మాట న్యాయంగానే తోచింది. డాక్టర్లు నిజంగానే పరుగున వచ్చారు. షావుకారు చెప్పింది జరిగింది కదా అని సరిపెట్టుకుంది.

కానీ చేతులు మాత్రం సరిపెట్టుకోలేదు.

పదకొండింటికి టెక్నీషియను పాండురంగారావు మెషిను తోసుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది. ఆసుపత్రి మొత్తానికి ఆ మెషిను ముట్టుకునేది ఆయనా, పెద్ద డాక్టరూ మాత్రమే. అది జర్మనీ నుంచి వచ్చి నాలుగు నెలలయిందట. చక్రాల బల్ల మీద టీవీ లాంటి పెట్టె, దానికి తీగ, తీగ చివర లావుపాటి కలం లాంటిది. పోతురాజు కణత మీద చల్లటి జిగురు రాసి, ఆ కలాన్ని ఆనించి, అటూ ఇటూ వెంట్రుకవాసి కదిపాడు. పెట్టెలో గరగర. మళ్ళీ కదిపాడు. అప్పుడు వినిపించింది: ఉష్షూ... ఉష్షూ... ఉష్షూ...

"ఏంటండీ ఆ చప్పుడు?" నాగేంద్రమ్మ లేచి నిలబడింది.

"మీ ఆయన మెదడులో రక్తం పారుతున్న చప్పుడు."

నాగేంద్రమ్మ మంచానికి దగ్గరగా జరిగింది. పదహారేళ్ళు కాపురం చేసిన మనిషి. గురక విన్నది, కేకలు విన్నది. లోపల ఇలాంటిదొకటి నడుస్తూ ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. బోదెలో నీళ్ళు మెల్లగా పారుతున్నట్టు ఉంది. ఆయన కలం తీసేదాకా కదలకుండా నిలబడి విన్నది. నిన్నటినుంచి ఆమె కదలకుండా ఉన్నది ఆ కాసేపే.

పాండురంగారావు కాగితం మీద అంకె వేశాడు. 74. గంపల మీద అంకెలు వేసే మనిషి కాబట్టి అంకెలు ఆమెకు వచ్చు.

"ఎక్కువైతే మంచిదా, తక్కువైతే మంచిదా?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు. "గొట్టం మూతి వేలితో నొక్కావనుకో, నీళ్ళు జోరుగా చిమ్ముతాయి కదా. అలాగే రక్తనాళం బిగుసుకుపోతే అంకె పెరుగుతుంది, చప్పుడు సన్నబడి కీచుమంటుంది. అప్పుడు మెదడుకి అందాల్సినంత అందదు. అందుకే పొద్దునా సాయంత్రం పెట్టి చూస్తాం."

సాయంత్రం 76. ఆదివారం పొద్దున 88. ఆ పొద్దున చప్పుడు మారింది. పాండురంగారావు గడియారం చూసుకుంటూ గమనించలేదు గాని, నాగేంద్రమ్మ గమనించింది. బోదె కాస్త ఇరుకైనట్టు, నీళ్ళు తొందరపడుతున్నట్టు. పచ్చికాయల్లో ముగ్గిన కాయను కళ్ళు మూసుకుని ఏరే మనిషికి అంత తేడా తెలియకపోవడమేమిటి? చెబుదామని నోరు తెరిచేలోగా మెషిను ఒకటో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆరోగ్యం మందుల గదిలోకి వెళ్ళినప్పుడు నాగేంద్రమ్మ మంచం మీదికి వంగింది.

"మావా, ఎవరైనా అడిగితే శుక్రారం పడ్డానని చెప్పు. షావుకారుగారు చెప్పమన్నారు. విన్నావా? శుక్రారం."

పోతురాజు ఆమె వైపు చూశాడో, ఆమె వెనక ఉన్న కిటికీ వైపు చూశాడో తెలియలేదు. కళ్ళు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఐదింటికి పాండురంగారావు ఉతికిన తెల్లచొక్కాలో వచ్చాడు. గన్నవరంలో కూతురి పెళ్ళిచూపులట. మెషినును ఒకటో మంచం దగ్గర ఆపి, అక్కడి పేషెంటుకు పెట్టి చూశాడు. మూడో మంచం దగ్గరికి ఉత్తచేతులతో వచ్చాడు. అట్ట తీశాడు. పొద్దుటి అంకె చూశాడు. దాని పక్కన మళ్ళీ 88 వేసి అట్ట తగిలించేశాడు.

"పెట్టలేదేంటండీ?" అంది నాగేంద్రమ్మ.

"పొద్దున చూశాం కదమ్మా. నిద్రపోతున్నాడు, పడుకోనీ," అంటూనే గుమ్మం దాటాడు.

నిద్రపోతున్నాడు! పోనీ అదే మంచిదేమో, నిద్రపడితే తగ్గుతుందంటారు. కూర్చుంది, లేచింది, నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళి తాగకుండా వచ్చింది. దూది ఉండలన్నీ కలిపేసి మళ్ళీ మొదటినుంచి ఏరింది. చూడకుండా అంకె వేశాడు! ఆమె చేతిలో కాయను చూడకుండా గంపలో వేస్తే షావుకారు ఊరుకుంటాడా? కాయపాటి చెయ్యడా మనిషి? కోపం వచ్చింది. ఆ కోపం ఆమెకు ఒకందుకు హాయిగా కూడా ఉంది. తప్పు చేసినవాడు ఇంకొకడు దొరికాడు.

సోమవారం పొద్దున పోతురాజు లేపితే లేచాడు, వదిలేస్తే పడుకున్నాడు. పేరు అడిగితే రెండుసార్లు తడబడి చెప్పాడు. చేతులెత్తమంటే కుడిచెయ్యి లేచింది. ఎడమచెయ్యి సగం లేచి, కొమ్మ విరిగినట్టు దుప్పటి మీద పడింది.

తొమ్మిదింటికి డాక్టర్ లక్ష్మీనరసింహారావు రౌండుకు వచ్చాడు. వెనక ఆరోగ్యం, ఆ వెనక మెషినుతో పాండురంగారావు. డాక్టరు అట్ట అందుకునేలోపే నాగేంద్రమ్మ అడ్డం నిలబడింది.

"నిన్న సాయంత్రం మెషిను పెట్టలేదండీ. ఊరికే అంకె వేశాడు. నేను చూస్తూనే ఉన్నా."

ఆరోగ్యం నేల చూపులు చూసింది. పాండురంగారావు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిజమేనా?" అన్నాడు డాక్టరు.

"సార్... మూడో రోజే కదా అని... మూడో రోజు ఏమీ రాదు కదా అని..." అన్నాడు పాండురంగారావు.

"తర్వాత మాట్లాడతాను నీతో," అని డాక్టరు కలం తనే తీసుకుని పోతురాజు కణతకు ఆనించాడు. రెండుసార్లు కదపగానే చప్పుడు అందింది. అది ఉష్షూ కాదు. సన్నగా, ఈల వేసినట్టు, ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తోంది. పెట్టె మీద అంకె 150 దాటింది.

డాక్టరు భృకుటి ముడిపడింది. ఎడమచెయ్యి ఎత్తి వదిలి చూశాడు. కనురెప్ప తెరిచి టార్చి వేశాడు. ఆ తర్వాత నాగేంద్రమ్మకు ఓపిగ్గానే చెప్పాడు. మంచివాడే, పాపం.

"చూడమ్మా. కాలవ ఇరుకైనా నీళ్ళు జోరుగానే పోతాయి. వరద వచ్చినా జోరుగానే పోతాయి. మెషిను జోరు చెప్తుందిగాని, ఇరుకా వరదా అన్నది చెప్పదు. అది పడిన రోజును బట్టి మేము తేల్చుకోవాలి. తొలి రెండు మూడు రోజుల్లో అయితే వరదే. లోపల వాపు ఉంటుంది. నీళ్ళు తగ్గించాలి. నాళాలు బిగుసుకోవడం నాలుగో రోజు తర్వాత మాట, వారానికి బాగా ముదురుతుంది. అప్పుడైతే నీళ్ళు బాగా ఎక్కించి, బీపీ పెంచి రక్తాన్ని లోపలికి తోయాలి. ఇతను పడింది శుక్రవారం. ఇంకా నాలుగో రోజే. కాబట్టి..." ఆరోగ్యం వైపు తిరిగాడు. "సెలైను ఇంకా తగ్గించండి. ఒంట్లో నీరు లాగే మందు ఇంకో డోసు పెట్టండి."

"అలాగే సార్," అని ఆరోగ్యం సెలైను గొట్టం మీది చక్రం దగ్గరికి చెయ్యి పోనిచ్చింది.

నాగేంద్రమ్మ బొటనవేలు వేళ్ళ కణుపుల మీద నడిచింది. మంగళ, బుధ, గురు, శుక్ర, శని, ఆది, సోమ. ఏడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.

కోత కర్రకు కట్టిన చిక్కంలోంచి జారి నేల తగిలిన కాయను గంపలో వెయ్యరు. పైకి గీత కూడా ఉండదు. వాసన బాగుంటుంది, రంగు బాగుంటుంది. మూడో రోజుకు లోపల టెంక దగ్గర నల్లబడుతుంది, గంపంతా పాడుచేస్తుంది. అందుకని రాలుడు కాయను విడిగా గోనె మీద పెట్టి, రాలిన రోజు గుర్తుకు సున్నం బొట్టు పెడతారు. ఆ గోనె నాగేంద్రమ్మది. రాలుడు కాయ గురించి రెడ్డిగూడెంలో ఆమెకు చెప్పగలిగినవాళ్ళు లేరు. మంగళవారం పోతురాజు పాచి పట్టిన కొమ్మ మీంచి జారి పడి, దుమ్ము దులుపుకుని లేచి, "నాకూ బొట్టు పెట్టి గోనె మీద కూకోబెడతావేంటే?" అని నవ్వాడు. "నిన్నెవరు కొంటారు మావా?" అని ఆమే నవ్వింది. బుధవారం తల బరువుగా ఉందంటే, శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. వేసి, "లారీ పొద్దుగూకేలోగా హనుమాన్ జంక్షన్ చేరాలంట, మనుషులు చాలట్లేదు, చెట్టెక్కు మావా," అంది. షావుకారు అనలేదు ఆ మాట. ఆమే అంది.

పాండురంగారావు మెషిను తీగ చుట్టుకుంటున్నాడు. మూడో రోజే కదా అని ఊరుకున్నానన్నాడు. ఆ మూడో రోజును ఆయనకు ఇచ్చింది ఎవరు?

నిజం చెబితే షావుకారు ఆసుపత్రి ఖర్చులోంచి చెయ్యి తీసేస్తాడు. వచ్చే కోతకు తోటలోకి రానివ్వడు. డాక్టరు ఛీ అంటాడు, పోలీసులు కూడా రావచ్చు. అవన్నీ ఒక్కసారే మీదికి వచ్చి పడ్డాయి. ఆరోగ్యం వేలు చక్రం మీద పడింది. సెలైను చుక్క నెమ్మదించింది.

నాగేంద్రమ్మ పోయి ఆరోగ్యం చెయ్యి పట్టుకుంది.

"తగ్గించకండి."

"ఏంటమ్మా ఇది, వదులు!"

"పడింది శుక్రారం కాదండీ. మంగళారం." పట్టుకున్న చెయ్యి వదలకుండానే చెప్పుకుపోయింది. "ఇయ్యాళకి ఏడో రోజు. శుక్రారం అని చెప్పమన్నారు, చెప్పా. ఆయన మంగళారం అనే చెప్పాడు, మతి లేదన్నా. బుధారం నేనే మళ్ళీ చెట్టెక్కించానండీ. తలనొప్పంటే పట్టు వేసి ఎక్కించా. నన్ను ఏమైనా అనండి. నీళ్ళు మాత్రం తగ్గించకండి బాబూ."

డాక్టరు ఆమెను ఏమీ అనలేదు. అనడానికి తీరిక లేదు. "సెలైను పూర్తిగా తిప్పండి. ఆ నీరు లాగే మందు ఆపెయ్యండి. రెండో చేతికి ఇంకో లైను పెట్టండి. బీపీ పదిహేను నిమిషాలకోసారి చూడండి," అని గబగబా చెప్పి, అట్ట మీద ఉన్న తేదీని అడ్డంగా కొట్టేసి పైన ఇంకో తేదీ వేశాడు. కలం కాగితాన్ని చింపినంత పనిచేసింది. అప్పుడు మాత్రం ఆమె వైపు తిరిగి, "ఇంకో గంట ఆలస్యంగా చెప్పి ఉంటే నేను వీణ్ణి నా చేతులతో చంపేవాణ్ణమ్మా," అన్నాడు. అరవకుండా అన్నాడు. అరిచి ఉంటే బాగుండుననిపించింది నాగేంద్రమ్మకు.

ఆరోగ్యం రెండో సూది గుచ్చి, టేపు అంటించి, అట్టలో వెనక్కి కాగితాలు తిప్పింది. శనివారం పొద్దుటి కాగితం దగ్గర ఆగింది. 'రోజు చెప్పలేకపోతున్నాడు' అన్న తన రాతను మళ్ళీ చదువుకుంది.

ఆ మధ్యాహ్నం 155. సాయంత్రం 160. మంగళవారం అంతా 160 దగ్గరే వేలాడింది. నాగేంద్రమ్మ మెతుకు ముట్టలేదు. స్టూలు మీద కూర్చోలేక మంచం చుట్టూ తిరిగింది, ఆరోగ్యం విసుక్కుంటే గోడ వారన నిలబడింది. పాండురంగారావు చెప్పకుండానే రోజుకు నాలుగుసార్లు మెషిను తోసుకొచ్చాడు. ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా ఆయన మొహం చూడలేకపోయింది. కానీ కలం ఆనించగానే ఆయన ఎడమచేత్తో పెట్టె మీది మీట కాస్త తిప్పి చప్పుడు పెంచేవాడు. ఆమెకు వినిపించాలని.

గురువారం పొద్దున చప్పుడు దిగింది. ఈల పోయి గాలి వచ్చింది. 128. సాయంత్రానికి 110.

"బోదె వెడల్పయింది," అంది నాగేంద్రమ్మ తనలో తాను.

"అయింది," అన్నాడు పాండురంగారావు. నాలుగు రోజుల తర్వాత ఆమెతో ఆయన అన్న మొదటి మాట అది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుకు తుడుచుకుంటూ, "పెళ్ళివాళ్ళు ఒప్పుకున్నారమ్మా," అని కూడా చెప్పాడు.

శుక్రవారం పోతురాజు దిండుకు ఆనుకుని కూర్చుని గంజి తాగాడు. గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. కాస్త ఒలికింది. నాగేంద్రమ్మ తుడవకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

పదింటికి డాక్టరు రౌండుకు వచ్చేసరికి ప్రభాకరరావు కూడా లోపలికి వచ్చాడు. ఎర్రక్షరాలు షావుకార్లకు కూడా వర్తించవు. వెనక అతని గుమాస్తా వరిగడ్డి పరిచిన బుట్ట మోసుకొచ్చి డాక్టరు కాళ్ళ దగ్గర దించాడు. పెద్దరసాలు. ఏరిన కాయలు కావు, నాగేంద్రమ్మకు దూరంనుంచే తెలిసింది. అడుగువరసలో ఒకటి అప్పుడే చెమ్మగిల్లుతోంది.

"మన మనిషండీ డాక్టరుగారూ, మా తోటలో పుట్టి పెరిగినవాడు. పడ్డ పూటే నా కారులో పెట్టి తెచ్చా. ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు," అన్నాడు ప్రభాకరరావు.

డాక్టరు బుట్ట వైపు చూడలేదు. పోతురాజు మంచం అంచున కూర్చున్నాడు. ఆరోగ్యం అట్ట తీసి కలం పట్టుకుంది.

"నీ పేరేంటి?"

"పోతురాజండి."

"ఎక్కడున్నావు?"

"బెజవాడ ఆసుపత్రిలో అండి."

"ఏ రోజు పడ్డావు?"

పోతురాజు డాక్టరును చూశాడు. మంచం కొసన నిలబడ్డ షావుకారు తెల్ల పంచెను చూశాడు. నాగేంద్రమ్మను చూశాడు. ఆదివారం పొద్దున చెవిలో పడిన మాట, అంత మత్తులోనూ ఎక్కడో దాచుకున్నాడు కాబోలు.

"శుక్రారం అండి," అన్నాడు స్పష్టంగా.

ప్రభాకరరావు తల ఊపాడు. ఆరోగ్యం కలం కాగితం మీదికి వంగి, ఏం రాయాలో తెలియక ఆగిపోయింది. డాక్టరు మొహంలో కంగారు కనిపించింది. మళ్ళీ మెషిను తెమ్మనబోతున్నట్టు గుమ్మం వైపు చూశాడు.

నాగేంద్రమ్మ స్టూలు మీంచి లేచింది. ఈసారి చేతులు కదల్లేదు.

"ఆయన పడింది మంగళారం అండి. మతి బాగానే ఉంది, కంగారుపడకండి," అంది. "షావుకారుగారు ఎదురుగా ఉన్నారు గదా, అందుకని అబద్ధం చెప్తున్నాడు. మతి లేనప్పుడు నిజమే చెప్పాడు."

అందరూ తననే చూస్తున్నారని గ్రహించి ప్రభాకరరావు కండువా సర్దుకున్నాడు. పోతురాజు పెళ్ళాం వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆరోగ్యం అట్ట మీద, తెలివి ఉన్నదీ లేనిదీ రాసే గడిలో, 'ఉంది' అన్నచోట కలం గట్టిగా నొక్కి టిక్కు పెట్టింది.